ప్రమాదకర జీవ పరిశోధనకు అదుపు: గ్రాంటు షరతా, లైసెన్సా?

వ్యాధికారక క్రిములపై పరిశోధన ఆగితే కొత్త టీకాలు రావు, పట్టించుకోకుండా వదిలేస్తే అది చెడ్డ చేతుల్లో పడవచ్చు. మరి ఏ విధమైన అదుపు మేలని చాలామంది అడుగుతున్నారు. ఏ దశలో అడ్డుకుంటున్నాం అన్నదే ఇందులో కీలకమని నా నమ్మకం.

పరిశోధన వ్యాసాలు అచ్చు కాకుండా ఆపడమంటే ఏమిటో 2011లో తెలిసివచ్చింది. రాటర్‌డామ్‌లో రాన్ ఫూషియే, విస్కాన్సిన్‌లో యోషిహిరో కవావోకా బృందాలు ల్యాబ్‌లో మార్పులు చేసిన హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ ఫెరెట్ల (ముంగిసను పోలిన చిన్న జంతువుల) మధ్య గాలి ద్వారా సోకగలదని చూపాయి. ఫూషియే సెప్టెంబరులోనే మాల్టా సదస్సులో ఆ సంగతి చెప్పేశారు. కీలక వివరాలు ప్రచురించవద్దని అమెరికా ప్రభుత్వ జీవభద్రత సలహా మండలి డిసెంబరులో కోరింది, మార్చిలో మనసు మార్చుకుంది. 2012లో రెండు వ్యాసాలూ వెలువడ్డాయి. వైరస్ తయారయ్యాక ఎంత తర్జనభర్జన పడినా దక్కేది స్వల్పం.

గ్రాంటుకు షరతు పెట్టడం ఇంతకంటే నయం, ప్రయోగానికి ముందే చూస్తుంది కనుక. 2014 అక్టోబరులో ఫ్లూ, సార్స్, మెర్స్ వైరస్‌లను మరింత ప్రమాదకరం చేయగల పనులకు అమెరికా కొత్త నిధులు ఆపి, 2017 డిసెంబరులో సమీక్ష పద్ధతితో మళ్లీ తలుపు తెరిచింది. కానీ సర్కారు సొమ్ము ముట్టని ప్రైవేటు ల్యాబ్‌కు ఈ షరతు వర్తించదు.

కెనడా 2009 చట్టం డబ్బు ఎవరిదని చూడదు, ప్రమాదకర క్రిములతో పనిచేయాలంటే లైసెన్సు కావాలంటుంది. నా మొగ్గు ఇటే. అయినా అక్కడి అల్బర్టా విశ్వవిద్యాలయంలోనే డేవిడ్ ఎవాన్స్ బృందం, ఆర్డరిచ్చి తెప్పించిన డీఎన్ఏ ముక్కలతో గుర్రపు మశూచి వైరస్‌ను కూర్చింది. ఒక మందుల కంపెనీ నిధులిచ్చింది, వ్యాసం 2018లో వచ్చింది. ఆ వైరస్ మనుషులకు ముప్పని ఎవరూ అనలేదు. అందరినీ కలవరపెట్టింది మశూచి దాని దగ్గరి బంధువు కావడం. కాబట్టి లైసెన్సు ఇచ్చేవారు ల్యాబ్ తలుపులు, ముసుగులు చూసి ఊరుకోకూడదు. ఈ పద్ధతి బయటికి తెలిస్తే ఎవరు దేనికి వాడతారని అడగాలి.

శాస్త్రవేత్తల స్వీయ నియమావళికి, జన్యు మార్పిడి ప్రయోగాలపై వారే జరుపుకున్న 1975 నాటి అసిలోమార్ సదస్సు మంచి ఆరంభం, అంతవరకే. డీఎన్ఏ ఆర్డర్ల తనిఖీ ఏ పద్ధతికైనా తోడుగా ఉండాల్సిందే.

మన దేశంలో 1989 నియమాలు ప్రమాదకర సూక్ష్మజీవులకూ, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తాయి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఇలాంటి పనిచేసే కంపెనీలకూ జీవభద్రత కమిటీ, అందులో బయోటెక్నాలజీ శాఖ ప్రతినిధి తప్పనిసరి. దుర్వినియోగం గురించిన ప్రశ్నను ప్రయోగానికి ముందే ఆ కమిటీ చేత అడిగించవచ్చు, ఇందుకు మరో కొత్త సంస్థ అక్కర్లేదు.