ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనాలా? పర్లాకిమిడి నుంచి మా అనుభవం

ముందే చెప్పేస్తాను. ఇంట్లో వాడుకునే విండోస్ కంప్యూటర్‌కి డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొనక్కర్లేదు. ఆ డబ్బులతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కోండి. డబ్బులిచ్చి కొన్నదీ, ఉచితంగా వచ్చినదీ, విండోస్‌తోపాటే ఉన్నదీ, మూడూ ఏళ్ల తరబడి వాడి చూశాకే ఈ మాట అంటున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. పిల్లల ఒడియా ప్రాజెక్టులు, అత్తయ్యగారి పెన్షన్ కాగితాలు, మా ఆయన బిల్లులు, పెళ్లి ఫొటోలు అన్నీ ఒకే డెస్క్‌టాప్‌లో ఉంటాయి. ప్రింటర్ లేదు. ఏది ప్రింట్ తియ్యాలన్నా పెన్ డ్రైవ్‌లో వేసుకుని బజారులో జెరాక్స్ షాపుకి వెళ్లాల్సిందే. యాంటీవైరస్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈమెయిళ్లు, వెబ్‌సైట్ల గురించే చెబుతారు. మాలాంటి ఊళ్లలో మాత్రం వైరస్ ఎక్కువగా పెన్ డ్రైవ్ మీదే ఇంటికొస్తుంది.

అది ఎలా ఉంటుందో తెలుసుకోవడం మంచిది. షాపు నుంచి వచ్చి పెన్ డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ ఉన్నట్టే ఉంటాయి, పేర్లూ అవే. కానీ ప్రతి బొమ్మకీ ఎడమవైపు కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాంతోపాటే వైరస్ కూడా నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు, దాచేసి ఉంటాయి. కంగారుపడి ఫార్మాట్ చేసెయ్యకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్ తీసేస్తే లేత రంగులో కనిపిస్తాయి. మొదట స్కాన్ చేసి, ఆ తరువాత వాటిని బయటకు కాపీ చేసుకోవాలి.

మేము కొన్న యాంటీవైరస్ వీటిని బాగానే పట్టేది. పెన్ డ్రైవ్ పెట్టగానే దానంతట అదే స్కాన్ మొదలుపెట్టేది, ఆ సౌకర్యం నాకు చాలా నచ్చింది. కానీ మా కంప్యూటర్‌లో ఉన్నది 4 జీబీ ర్యామ్, పాత తిరిగే డిస్క్. స్కాన్ మొదలైతే వర్డ్ ఫైల్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని రావచ్చు. గడువు దగ్గరపడితే రెన్యువల్ చేయించుకోమని రోజూ కిటికీలు తెరుచుకునేవి. పిల్లలు పరీక్షలకి చదువుకుంటుంటే ఎర్ర రంగులో 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అని వస్తే ఇంట్లో అందరికీ టెన్షనే. తీసేద్దామంటే మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో పూర్తిగా పోలేదు, ఆ కంపెనీవాళ్ల రిమూవల్ టూల్ వేరే దించుకోవాల్సి వచ్చింది.

ఉచితంగా దొరికేవాటి విషయంలో నాకు ఇంకో బెంగ ఉంది. అవాస్ట్ కంపెనీ తన వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిన సంగతి బయటపడి, 2020లో ఆ సంస్థను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌ని 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే మన సంగతులు బయట చెబితే ఎలా?

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ ఒక్కటే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అది పూర్తి స్థాయి యాంటీవైరస్. వేరేది వేస్తే అది పక్కకి తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే మళ్లీ తనంతట తానే పనిలోకి వస్తుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకి, వేగానికి, వాడుకకి ఆరేసి చొప్పున మొత్తం 18కి మార్కులు వేస్తుంది. అందులో డిఫెండర్‌కి చాలాసార్లు పూర్తి మార్కులే వచ్చాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, పెన్ డ్రైవ్ పెట్టగానే ఇది మొత్తం స్కాన్ చెయ్యదు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్' నొక్కాలి. మా పిల్లలకి అది అలవాటైపోయింది.

నెట్ లేనప్పుడు కొత్త వైరస్‌ల జాబితాలు రావు కాబట్టి ఏ యాంటీవైరస్ అయినా రోజురోజుకీ పాతబడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని అతలాకుతలం చేసినప్పుడు కరెంటూ లేదు, నెట్టూ లేదు. అవి తిరిగొచ్చేసరికి అందరూ కూలిన ఇళ్ల ఫొటోలు, దరఖాస్తులు పట్టుకుని షాపుల ముందు నిలబడ్డారు. ఒకరి పెన్ డ్రైవ్ తరువాత ఒకరిది, అన్నీ అవే కంప్యూటర్లలో. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెట్ చాలా రోజులు లేకుండా వస్తే, ముందు డిఫెండర్‌లో 'ప్రొటెక్షన్ అప్‌డేట్స్'లోకి వెళ్లి అప్‌డేట్ చెయ్యాలి, ఆ తరువాతే పెన్ డ్రైవ్ ముట్టుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో ఇంకో ప్రమాదం క్రాక్ చేసిన ఆటలు, అంటే డబ్బులు కట్టకుండా ఆడుకునేలా మార్చేసిన దొంగ కాపీలు. వాటితోపాటు వచ్చే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి' అని రాసి ఉంటుంది. ఆఫ్ చేస్తే కొన్ని వేలు పెట్టి కొన్నదైనా ఏం కాపాడుతుంది? ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఈ క్రాక్‌ల ద్వారానే పాకింది. అందుకే మా అబ్బాయికి అడ్మిన్ హక్కుల్లేని వేరే అకౌంట్ పెట్టాం, అడ్మిన్ పాస్‌వర్డ్ మా ఆయన దగ్గర ఉంటుంది. డిఫెండర్‌లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఒకటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్ ఏదీ డాక్యుమెంట్లనీ ఫొటోలనీ మార్చలేదు. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని ఫైల్ సేవ్ చెయ్యలేక మొరాయిస్తాయి, వాటికి ఒక్కొక్కదానికీ అనుమతి ఇచ్చుకోవాలి. కాస్త విసుగే, అయినా ఆన్‌లోనే ఉంచండి.

హార్డ్ డిస్క్ సంగతి ఇందుకే చెప్పాను. శనివారం తగిలించి, ఫొటోలూ కాగితాలూ కాపీ చేసి, వెంటనే ఊడదీసి బీరువాలో పెట్టేస్తాను. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

విండోస్‌ని అప్‌డేట్ చెయ్యకపోతే వీటన్నిటి వల్లా ఉపయోగం తక్కువ. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకడానికి వాడుకున్న విండోస్ కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చేసింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే. ఇప్పుడు విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మా డెస్క్‌టాప్ విండోస్ 11కి పనికిరాదు. అందుకని 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేర్చాం. డిఫెండర్ వైరస్ జాబితాలు మాత్రం విండోస్ 10కి 2028 అక్టోబరు దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అవి వస్తున్నాయి కదా అని ఈఎస్‌యూ వదిలెయ్యకండి. వైరస్ జాబితా వేరు, విండోస్‌లోని కంతలు పూడ్చడం వేరు.

జెరాక్స్ షాపు తమ్ముడు "మరి నేనూ కొనక్కర్లేదా అక్కా?" అని అడిగితే, "నువ్వు కొనాల్సిందే" అన్నాను. పొద్దున్నుంచి రాత్రిదాకా తెలియనివాళ్ల పెన్ డ్రైవ్‌లు పెట్టే మనిషికి, పెట్టగానే దానంతట అదే స్కాన్ చేసేది కావాలి, ఏదైనా అయితే ఫోన్ ఎత్తేవాళ్లూ కావాలి. పుణెవాళ్ల క్విక్ హీల్, చెన్నైవాళ్ల కే7 రెండూ మన దేశపువే, ట్రయల్ వేసుకుని తన కంప్యూటర్ మీద ఏది తేలిగ్గా నడిస్తే అది తీసుకోమన్నాను. కొనేలోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచితంగా దొరికే క్లీనింగ్ టూల్ దించుకుని, ఆ రాత్రే షాపు కట్టేశాక రెండు కంప్యూటర్లూ శుభ్రం చేసుకున్నాడు.