వాంపైర్ హంటర్ డి: 1985దా, 2000దా?

జపాన్ రచయిత హిదెయుకి కికుచి నవలల్లోని రక్తపిశాచుల వేటగాడు ‘డి’ సగం మనిషి, సగం రక్తపిశాచి. యానిమే (జపాన్ యానిమేషన్) సినిమాల్లో వెండితెర మీదకి రెండుసార్లు వచ్చాడు.

1985 నాటి తొయూ అషిదా సినిమా గంటా ఇరవై నిమిషాలే. బొమ్మలు మోటుగా ఉంటాయి, కదలికల్లో పొదుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కథా పాతదే: డోరిస్ అనే అమ్మాయి మెడ మీద రక్తపిశాచి కౌంట్ మాగ్నస్ లీ కాటు వేశాడు, ఇక పెళ్లాడతానంటాడు. అయినా ఆ మసక రంగుల్లో ఏదో కుళ్లిన వాసన తగులుతుంది. భయమంటే అదే కదా.

2000లో యోషియాకి కవాజిరి తీసిన ‘బ్లడ్‌లస్ట్’ చూడ్డానికి విందు భోజనమే. మొదట్లోనే, పిశాచి వస్తుంటే ఊళ్లో శిలువలు వాటంతటవే మెలితిరిగిపోతాయి; ఒక్క రక్తపు చుక్క లేకుండానే ఒళ్లు జలదరిస్తుంది. నవలలకి యోషితకా అమానో గీసిన బొమ్మల్లోని సన్నని ముఖాలు, రెపరెపలాడే అంగీలు ఇందులోనే నిజంగా కదిలాయి. కానీ షార్లెట్ అనే అమ్మాయిని ఎత్తుకుపోయిన పిశాచి మైయర్ లింక్‌నీ, అతని వెంట వెళ్లిన ఆమెనీ చూస్తే జాలేస్తుంది, భయం కాదు.

డి ఎడమ అరచేతిలో ఉండే వాగుడుకాయ ముఖం మాత్రం రెండింట్లోనూ ఉంది. నాకు దానిమీదే ప్రేమ!

అందం కావాలంటే రెండోది. అర్ధరాత్రి ఒంటరిగా అయితే నేను మొదటిదే పెట్టుకుంటాను.