డీబీ స్పెక్ట్రమ్ ప్లస్: అనంతపురం ఎండలో, మన కరెంటు మీద

పాత హోమ్ కంప్యూటర్లు సేకరించాలని మొదలుపెట్టే రాయలసీమ వాళ్ళు మొట్టమొదట కొనదగింది డీబీ స్పెక్ట్రమ్ ప్లస్. కొనేముందు చూడాల్సింది పైకేసు, కీలు, లేబుల్. లోపలి బోర్డు పనిచేయకపోయినా పర్వాలేదు, బతికించుకోవచ్చు. కేసు పగిలినా, డీబీ పేరున్న లేబుల్ ఊడిపోయినా అలాంటిది మళ్ళీ దొరికే ఆశ లేదు. అందుకే "వర్కింగ్ కండిషన్" అని ఎక్కువ చెప్పే గీతలు పడ్డ యంత్రం కంటే, ఆన్ కాకపోయినా కేసు శుభ్రంగా ఉండి, ఎవరూ విప్పని యంత్రమే మంచి బేరం.

సింక్లెయిర్ రీసెర్చ్ ఇంగ్లండులో స్పెక్ట్రమ్‌ను 1982 ఏప్రిల్‌లో తెచ్చింది. రబ్బరు కీలు తీసేసి, 58 గట్టి ప్లాస్టిక్ కీలు, ఎడమ పక్కన రీసెట్ బటన్ పెట్టి 1984లో ప్లస్‌ను విడుదల చేసింది. దాన్నే పూణెలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ ఆ తర్వాత లైసెన్సు మీద డీబీ పేరుతో మన దేశంలో అమ్మింది. లోపల 3.5 మెగాహెర్ట్జ్ జడ్80ఏ ప్రాసెసర్, 16 కేబీ రామ్‌కు తోడు ఇంకో 32 కేబీ, మొత్తం 48 కేబీ. దీనికోసమే ప్రత్యేకంగా చేసిన యూఎల్‌ఏ అనే ఒక్క చిప్పు తప్ప మిగతావన్నీ దాదాపు మామూలు భాగాలే. టీవీలు బాగుచేసిన చేయి ఉన్న మెకానిక్‌కు ఈ బోర్డు కొత్తగా అనిపించదు. విడిభాగాలకు బెంగళూరు ఎస్పీ రోడ్డో, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీయో ఉన్నాయి. అనంతపురం నుంచి బెంగళూరుకు పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు.

ఈ యంత్రాలు ఎక్కువగా చచ్చేది అడాప్టర్ వల్ల. దీనికి కావాల్సింది 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు, పిన్ను మధ్యలో నెగటివ్. ఈ రోజు అంగట్లో సులువుగా చేతికిచ్చేది సీసీటీవీ కెమెరాల 12 వోల్టుల అడాప్టర్, మధ్యలో పాజిటివ్. పిన్ను సరిగ్గా పడుతుంది కాబట్టి అమ్మేవాళ్ళు దాన్నే పెట్టి "టెస్ట్ చేశాం" అంటారు. అలా పెట్టిన యంత్రాన్ని బోర్డు పోయిందనే లెక్కలోనే బేరమాడాలి. పాత ఒరిజినల్ అడాప్టర్ దొరికినా సంబరపడొద్దు. అందులో వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేదు. లోడు లేకుండా మీటరు పెడితే 12, 13 వోల్టులు చూపడం మామూలే. ఇంట్లో కరెంటు 230 నుంచి 250కి ఎగిరితే అడాప్టర్ వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో ఎగురుతుంది. ఆ అదనాన్నంతా బోర్డు మీద వోల్టేజీని 5కి దించే 7805 రెగ్యులేటర్ వేడిగా మార్చి మోయాలి. బోర్డు 0.7 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 9 వోల్టుల దగ్గర 2.8 వాట్ల వేడి, 12 దగ్గర 4.9 వాట్లు. గదే 40 డిగ్రీలుండే మే నెలలో ఈ తేడా చిన్నది కాదు, అదంతా మూసిన కేసులో యూఎల్‌ఏ పక్కనే పోగవుతుంది.

దీనికి మందు సులువే. 9 వోల్టులు, 2 ఆంపియర్ల రెగ్యులేటెడ్ అడాప్టర్ కొని, వైరు మధ్యలో కోసి, రెండు తీగలూ తారుమారు చేసి సోల్డరింగ్ చేయాలి. మీటరు ఎర్ర ప్రోబు పిన్ను బయటి గొట్టానికి, నల్లది లోపలి రంధ్రానికి పెడితే 9 చూపాలి. మైనస్ 9 చూపితే యంత్రానికి తగిలించొద్దు. దాని మీద "స్పెక్ట్రమ్‌కు మాత్రమే" అని చీటీ అంటించండి, ఇంట్లో రౌటరుకు ఎవరో ఒకరు పెడతారు. 7805 తీసేసి అవే మూడు కాళ్ళున్న 1 ఆంపియర్ స్విచింగ్ రెగ్యులేటర్ వేస్తే వేడి చాలావరకు తగ్గుతుంది. మన ఎండలకు ఈ ఖర్చు పెట్టి తీరాలి.

ఆన్ చేస్తే అడుగున 1982 కాపీరైట్ వరుస రావాలి. దానికి బదులు నిలువు చారలో, గళ్ళో వస్తే కింది 16 కేబీ రామ్‌ను అనుమానించాలి. ఐసీ6 నుంచి ఐసీ13 వరకు ఎనిమిది 4116 చిప్పులు, వాటికి మూడు వోల్టేజీలు కావాలి: 1వ కాలు మీద మైనస్ 5, 8వ కాలు మీద 12, 9వ కాలు మీద 5. నేల (గ్రౌండ్) 16వ కాలు. 12, మైనస్ 5 రాకపోతే చిన్న కాయిల్ దగ్గరున్న టీఆర్4, టీఆర్5 ట్రాన్సిస్టర్లు చూడండి, టీఆర్4కు జెడ్‌టీఎక్స్650, టీఆర్5కు జెడ్‌టీఎక్స్213. రెండూ కలిపే మార్చాలి. చాలామంది ఇక్కడే తొందరపడి కొత్త ట్రాన్సిస్టర్ కాల్చుకుంటారు. ముందు కరెంటు తీసి 8వ కాలుకూ నేలకూ మధ్య, 1వ కాలుకూ నేలకూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. సున్నాకు దగ్గరగా ఉంటే ఏదో ఒక 4116 లోపల షార్ట్ అయింది, దాన్ని తీయనిదే ఎన్ని ట్రాన్సిస్టర్లు వేసినా పోతూనే ఉంటాయి. 4116 స్థానంలో 4164 నేరుగా వేయకూడదు, కాళ్ళ వోల్టేజీలే వేరు.

పై 32 కేబీ పోతే యంత్రం 16 కేబీ దానిలా చక్కగా ఆన్ అవుతుంది, కాబట్టి అమ్మేవాడికీ తెలియదు. కొనేచోటే ఇది టైపు చేయండి: ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733. పి నొక్కితే ప్రింట్ వస్తుంది, ఎక్స్‌టెండ్ మోడ్ నొక్కి ఓ నొక్కితే పీక్. 65535 వస్తే 48 కేబీ పూర్తిగా ఉంది. 32767 వస్తే పై రామ్ పోయింది. ధర తగ్గించమని అడగండి కానీ వదులుకోవద్దు. ఐసీ15 నుంచి 22 దాకా ఎనిమిదింటినీ తీసి, సాకెట్లు పెట్టి, 4164 చిప్పులు వేస్తే సరిపోతుంది.

కీలు పనిచేయకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ మెంబ్రేనే. ఆ పల్చటి ప్లాస్టిక్ రేకు ఎండిపోయి, బోర్డులోకి దిగే రెండు తోకల మెడ దగ్గర చిట్లుతుంది. ఒక్కో తోకలో ఒక్కో గీత అయిదు కీలదో, ఎనిమిది కీలదో కాబట్టి చిట్లితే కీలు గుంపుగా పోతాయి. కేసు విప్పేటప్పుడు పైభాగం ఒక్కసారిగా ఎత్తితే మంచి తోకలు కూడా తెగుతాయి, కొంచెం ఎత్తి వాటిని నిటారుగా పైకి లాగాలి. కొత్త మెంబ్రేన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ఆర్డర్ చేసేటప్పుడు ప్లస్ అని చూసుకోండి, రబ్బరు కీల 48కే మెంబ్రేన్ దీనికి పట్టదు.

టీవీకి ఆర్ఎఫ్ సాకెట్టు, యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్. బొమ్మ మసకగా ఉంటుంది. టీవీ సిగ్నల్ తయారుచేసే మాడ్యులేటర్ డబ్బాలోకి వెళ్ళే రెండు తీగలు విప్పి, లోపల సాకెట్టు మధ్య పిన్నుకున్న రెసిస్టర్ కాలు ఊడదీసి, వీడియో తీగను 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఆ పిన్నుకు కలిపితే ఎల్‌ఈడీ టీవీ పసుపు సాకెట్టులో శుభ్రంగా కనబడుతుంది. కెపాసిటర్ ప్లస్ కాలు బోర్డు వైపు. బోర్డులో ఏ గీతా కోయక్కర్లేదు, ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు. కేసుకు కొత్త రంధ్రం చేసి సాకెట్టు పెట్టినవి మాత్రం కొనొద్దు.

ప్రోగ్రాములు ఎక్కించడానికి టేప్‌రికార్డర్ వెతకనక్కర్లేదు, ఫోన్ చాలు. వేవ్ ఫైలు వాడండి, సౌండు దాదాపు పూర్తిగా, ఈక్వలైజర్లు ఆపేసి, నోటిఫికేషన్లు మూసేసి. జె నొక్కి, కోట్స్ కీ రెండుసార్లు, ఎంటర్. అంచున ఎరుపు, లేత నీలం చారలు నిలకడగా వస్తే సిగ్నల్ అందుతోంది. తర్వాత నీలం, పసుపు సన్న చారలు వస్తే డేటా. 48 కేబీ నిండే ఆటకు అయిదు నిమిషాలు పడుతుంది. కొన్ని కొత్త ఫోన్ల సౌండు చాలదు, మధ్యలో చిన్న ఆంప్లిఫైయర్ కావాలి.

అసలు లోపాలూ ఉన్నాయి. ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో రెండు రంగులే పడతాయి, ఆటల్లో బొమ్మలు కలిసినప్పుడు రంగులు ఒకదాని మీదికి ఒకటి పాకుతాయి. కీలు మెత్తగా దిగుతాయి, వేగంగా టైపు చేయలేరు. వెనక కనెక్టరులో జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్‌ను కరెంటు ఉండగా పెట్టినా తీసినా, కాస్త పక్కకి జరిగినా బోర్డు పోతుంది, ఆన్ ఆఫ్ బటన్ కూడా లేదు. ఇంటర్‌ఫేస్ కనెక్టరులో, అది పక్కకి ఎక్కకుండా ఆపే అడ్డుపుల్ల విరిగి ఉంటే దాన్ని అసలు తగిలించకండి.

బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకంలో వచ్చిన బీబీసీ మైక్రో గానీ, మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ (ఎస్‌సీఎల్) చేసిన దాని రూపం యూనికార్న్ గానీ కనబడితే అదీ వదలొద్దు. కీబోర్డు దీనికంటే ఎంతో మేలు. అయితే పవర్ సప్లైలో నేరుగా ఇంటి కరెంటు మీదుండే పాత ఎక్స్2 రకం కెపాసిటర్లు మార్చకుండా ప్లగ్ పెట్టకండి, పొగ కమ్ముకుంటుంది.

దాచిపెట్టేటప్పుడు మిద్దె కింద అటక మీద వద్దు. స్లాబు వేడికి మెంబ్రేన్ రెండు మూడు వేసవుల్లో పెళుసవుతుంది. కింది అంతస్తులో, గోడకు ఆనకుండా, ముందు నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ సంచితో మూత డబ్బాలో పెట్టండి. నెలకోసారి పది నిమిషాలు ఆన్ చేసి, 65535 వస్తోందో లేదో చూడండి.