హెచ్ పైలోరీకి ఏ పరీక్ష మేలు: ఊదేదా, మలం ఇచ్చేదా?

కడుపులో మంట, తేన్పులు, సంగటి ముద్ద తిన్న గంటకే ఉబ్బరం. డాక్టరు చీటీ మీద హెచ్ పైలోరీ (కడుపులో చేరే ఒక బ్యాక్టీరియా క్రిమి) టెస్ట్ అని రాశారు. ఇక అందరూ అడిగేది ఒక్కటే: ఊదే పరీక్షకు పోవాలా, మలం ఇస్తే చాలా, రక్తం ఇచ్చేస్తే పోదా?

రక్త పరీక్షను ముందే పక్కన పెట్టండి. అది వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. మందులతో క్రిమి చచ్చాక కూడా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతాయి. ఎక్కువమందికి చిన్నప్పుడే అంటుకునే జబ్బు ఇది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్రిమి ఇప్పుడు ఉన్నట్టు కాదు.

నల్లగా తారులా విరేచనం, రక్తపు వాంతి, ఊరికే బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ ఉంటే ఈ చర్చే వద్దు, ఎండోస్కోపీ (నోటి ద్వారా సన్నని గొట్టం పంపి కడుపు లోపల చూడటం) చేయించుకోవాలి. ఈ క్రిమిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది 1994లోనే.

అసలు పోటీ మిగతా రెండింటికే. రెండూ ఇప్పుడు కడుపులో ఉన్న క్రిమినే పట్టుకుంటాయి, సరిగ్గా చేస్తే కచ్చితత్వంలో పెద్ద తేడా లేదు.

ఊదే పరీక్షలో గుర్తుపెట్టిన కార్బన్ (13 లేదా 14 రకం) ఉన్న యూరియా ఇస్తారు. క్రిమి దగ్గరున్న యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ గుర్తున్న కార్బన్ ఊపిరిలో బయటికొస్తుంది. కార్బన్ 13 అయితే తాగకముందు ఒక సంచిలోకి, తాగిన 30 నిమిషాలకు ఇంకో సంచిలోకి ఊదాలి. కార్బన్ 14 మాత్రగా ఇస్తే నీళ్లతో గుటుక్కున మింగాలి, కొరకకూడదు. నోట్లోని బ్యాక్టీరియాకూ యూరియేజ్ ఉంటుంది, కొరికితే లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. కార్బన్ 14లో కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి గర్భిణులకు, పిల్లలకు వద్దు.

మల పరీక్షకు బఠానీ గింజంత చాలు. మూత్రం, నీళ్లు కలవకుండా పొడి డబ్బాలో పట్టి, వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. నీళ్ల విరేచనాలప్పుడు ఇస్తే క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. కుప్పం, పలమనేరు వాళ్లు పరగడుపున బస్సెక్కి తిరుపతికో రాయవేలూరుకో పోయి ఊదడం కన్నా, దగ్గర్లోని ల్యాబ్‌లో డబ్బా ఇవ్వడమే నయమని నా అభిప్రాయం. యాంటీబాడీ కాదు, యాంటిజెన్ (క్రిమి సొంత పదార్థం) అని చీటీలో చూసుకోండి.

అయితే పరీక్షను చెడగొట్టేది ఇవేవీ కాదు, రోజూ పొద్దున వేసుకునే గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్ ఏదైనా సరే. ఆమ్లం తగ్గితే క్రిముల సంఖ్య పడిపోతుంది, మిగిలినవి కడుపు పైభాగంలోకి జరుగుతాయి. రిపోర్టు నెగటివ్ వస్తుంది, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఎండోస్కోపీలో తీసిన ముక్కకూ ఇదే గతి. అందుకే పరీక్షకు 2 వారాల ముందు ఆ మాత్ర, 4 వారాల ముందు యాంటీబయాటిక్, బిస్మత్ (కడుపు పుండుకు వాడే మందు) ఆపాలి. ఆపాక కొన్నాళ్లు మంట ముందుకన్నా ఎక్కువే అనిపించొచ్చు. జెలూసిల్ లాంటి యాంటాసిడ్ సిరప్‌తో నెట్టుకురావచ్చు. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, కడుపు పుండు నుంచి రక్తం పోయినవాళ్లు సొంతంగా ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడాకే.

క్రిమిని చంపే మందుల 14 రోజుల కోర్సు అయ్యాక మళ్లీ పరీక్ష తప్పనిసరి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు ఉన్నాయి, మంట తగ్గినా క్రిమి మిగలొచ్చు. ఆఖరి యాంటీబయాటిక్ వేసుకున్న తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, 4 వారాలు దాటాక మలం ఇవ్వండి. గ్యాస్ మాత్ర అప్పటికి 2 వారాలుగా మానేసి ఉండాలి.