బీ27 కోడ్లకు సీడీసీ ఉచిత బ్రౌజర్: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ఆగిపోతుంది

అమెరికా రోగుల చార్ట్‌లు చదివి జబ్బులకు కోడ్లు వేసే హైదరాబాద్ మెడికల్ కోడర్లకు కంపెనీ ఇచ్చిన ఎన్‌కోడర్ (కోడ్లు వెతికే సాఫ్ట్‌వేర్) ఉన్నా సరే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీలోని గణాంక విభాగం ఎన్‌సీహెచ్ఎస్ వాళ్ల ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్ సెట్) బ్రౌజర్ పక్కన ఒక ట్యాబ్‌లో తెరిచి ఉండాలి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు. కోడ్ సెట్‌ను చూసుకునే సంస్థే పెట్టింది కాబట్టి ఇండెక్స్ (జబ్బు పేర్ల అక్షరక్రమ జాబితా), ట్యాబులర్ (కోడ్ల వరుస జాబితా) రెండూ నోట్లతో సహా దొరుకుతాయి. జ్వరం, బీపీ లాంటి కోడ్లకు ఏ సైటైనా సరిపోతుంది. దీని విలువ తెలియాలంటే మోనోన్యూక్లియోసిస్‌కి (పొట్టిగా మోనో, ఒక వైరల్ జబ్బు) నరాల సమస్య తోడైన చార్ట్ పెట్టి చూడండి.

ముందు బీ27, అంటే మోనో కోడ్ల కేటగిరీ, అమరిక. నాలుగో క్యారెక్టర్ వైరస్‌ది: 0 అంటే ఎప్‌స్టీన్-బార్ (ఈబీవీ), 1 సైటోమెగలోవైరస్, 8 ఇతరం, 9 ఏదో చెప్పనిది. ఐదోది కాంప్లికేషన్‌ది: 0 ఏమీ లేదు, 1 పాలీన్యూరోపతి (చాలా నరాలు ఒకేసారి దెబ్బతినడం), 2 మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), 9 మిగతావి. ఈబీవీ మోనోతో పాలీన్యూరోపతి ఉంటే బీ27.01 అన్నమాట. బీ27.0 దగ్గరే ఆపేసి పంపితే ఆ కోడ్ చెల్లదు, క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

ఇక బ్రౌజర్‌లో ఏ పదంతో వెతుకుతున్నామన్నది చాలా ముఖ్యం. ఇండెక్స్‌లో 'పాలీన్యూరోపతి' నుంచి దిగితే మోనోన్యూక్లియోసిస్ ఎదురుగా కనిపించేది బీ27.91, అంటే వైరస్ చెప్పని కోడ్. అక్కడే ఆగితే డాక్టర్ చక్కగా రాసిన ఎప్‌స్టీన్-బార్ కోడ్‌లోకి రాకుండా పోతుంది. 'మోనోన్యూక్లియోసిస్' నుంచి దిగండి, బీ27 తెరిచి మొత్తం చదవండి, అప్పుడు ఐదో క్యారెక్టర్ ఖాయం చేయండి. ఇండెక్స్ నుంచి నేరుగా కోడ్ ఎత్తుకోకూడదన్న పాఠం అందరికీ తెలిసిందే. ఈ ఒక్క కేటగిరీలో ఆ పాఠం ఎందుకో కళ్లకు కడుతుంది.

ఈ బ్రౌజర్ నాకు బాగా నచ్చేది జీ63 దగ్గర. అది 'వేరే చోట వర్గీకరించిన జబ్బుల్లో పాలీన్యూరోపతి'. అసలు జబ్బును ముందు కోడ్ చేయమని అక్కడ నోట్ ఉంటుంది. అది చూసి బీ27.01 ముందు, జీ63 వెనక వేసేస్తారు, ఆడిట్‌లో తప్పు పడుతుంది. కారణం అదే పేజీలో ఉంది: ఎక్స్‌క్లూడ్స్1 (ఈ కోడ్‌తో కలిపి వేయకూడనివి చెప్పే నోట్) కింద ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ పేరు. బీ27.01లో నరాల సంగతి అప్పటికే కలిసి ఉంది, జీ63 తోడు అక్కర్లేదు. కోడ్, దాని వివరణ మాత్రమే చూపించి వదిలేసే సైట్లలో ఈ నోట్ కంటపడదు. ఇక్కడ కోడ్‌తో పాటే ఉంటుంది, కిందికి జరిపి చదవాలంతే.

గిలియన్-బారే (రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు) సంగతి వేరు. దానికి జీ61.0 అని సొంత కోడ్ ఉంది, డాక్టర్ ఆ పేరే రాస్తే జీ63కి చెప్పిన లెక్క దీనికి వర్తించదు. ముఖం ఒక పక్క వంకరపోయిందని రాస్తే అది ఒక్క నరం సమస్య, పాలీన్యూరోపతి కాదు. మోనో వల్లే వచ్చిందని డాక్టర్ రాయాలి, అప్పుడే ఐదో క్యారెక్టర్‌గా 9.

పాలీన్యూరోపతికి మాత్రం అంత స్పష్టంగా రాయకపోయినా నడుస్తుంది. ఇండెక్స్‌లో 'మోనోన్యూక్లియోసిస్' కింద 'విత్' అన్న మాట దగ్గర పాలీన్యూరోపతి, మెనింజైటిస్ పేర్లు ఉన్నాయి. ఐసీడీ-10-సీఎం అధికారిక కోడింగ్ గైడ్‌లైన్స్ మొదటి సెక్షన్ ఏ.15 ప్రకారం, రెండూ చార్ట్‌లో ఉండి, సంబంధం లేదని డాక్టర్ రాయకపోతే, సంబంధం ఉన్నట్టే తీసుకోవాలి. ఈ సూత్రాన్ని బ్రౌజర్ మీకు చెప్పదు. గైడ్‌లైన్స్ పీడీఎఫ్ విడిగా దించుకుని పక్కన పెట్టుకోవాల్సిందే.

చార్ట్‌లో లేనిదాన్ని ఏ టూలూ తేలేదు. ఉదాహరణకు అసెస్‌మెంట్‌లో ఇంతే ఉందనుకోండి: 'ఇన్ఫెక్షియస్ మోనో. రెండు పాదాల్లో తిమ్మిర్లు.' ల్యాబ్ రిపోర్ట్‌లో వీసీఏ ఐజీఎం (ఈబీవీ సోకిందని సూచించే యాంటీబాడీ) పాజిటివ్. చూడగానే బీ27.01 అనిపిస్తుంది, వేయకూడదు. ల్యాబ్ ఫలితం నుంచి కోడర్ వైరస్‌ను నిర్ధారించకూడదు, తిమ్మిరి నుంచి పాలీన్యూరోపతిని ఊహించకూడదు. ఉన్నదాన్నిబట్టి బీ27.90, స్పర్శలో తేడాకు ఆర్20.2. ఇలాంటి చోట డాక్టర్‌కి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి. 'ఇది ఈబీవీ పాలీన్యూరోపతేనా?' అని సమాధానం నోటికి అందించేలా అడగొద్దు. ల్యాబ్ ఫలితం, పరీక్షలో కనబడిన లక్షణాలు తేదీలతో రాసి, మోనోకు కారణమేంటో, తిమ్మిర్లకు నిర్ధారణ ఏంటో అడగండి. 'వేరేది', 'చెప్పలేను' అన్న ఎంపికలు కూడా ఇవ్వండి.

'ప్రాబబుల్', 'సస్పెక్టెడ్' అని ఉన్నప్పుడూ జాగ్రత్త. ఔట్‌పేషెంట్ అయితే బీ27 వేయకూడదు, లక్షణాల కోడ్లే. ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ సమయానికి కూడా అలాగే రాసి ఉంటే, నిర్ధారణ అయినట్టే కోడ్ చేయొచ్చు.

లోటు చెప్పాలంటే ఇందులో సీపీటీ (పరీక్షలు, ప్రొసీజర్ల కోడ్లు) ఉండదు. మోనోస్పాట్ 86308, వీసీఏ యాంటీబాడీ 86665, నర్వ్ కండక్షన్ స్టడీలకు లెక్కను బట్టి 95907 నుంచి 95913, ఇవన్నీ వేరే చోట చూసుకోవాలి. రెండు కోడ్లు కలిపి వేస్తే పొసగవని హెచ్చరించే ఎడిట్ కూడా లేదు, నోట్ చదివి మీరే పట్టుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం ఇదే మేలంటాను, నోట్లు చదివే అలవాటు పడుతుంది.

తెరిచిన వెంటనే సంవత్సరం సరిచూడండి. కోడ్ల సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, ఏప్రిల్ 1న కూడా మార్పులు రావచ్చు. ఇన్‌పేషెంట్‌కి డిశ్చార్జ్ తేదీయే లెక్క. సెప్టెంబర్ 29న చేరి అక్టోబర్ 2న ఇంటికెళ్లిన పేషెంట్‌కి కొత్త సంవత్సరం సెట్ తెరవాలి.