కరెంటు బిల్లు తగ్గించే డబ్బా అని అమ్ముతున్నారు, కొనకండి. విజయనగరంలో నేను కొని మోసపోయాను

విజయనగరం, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరికీ చెబుతున్నాను, ముఖ్యంగా ఇంటి ఖర్చులు రాసుకుంటూ నెలకి నాలుగు రూపాయలు మిగుల్చుకుందామని చూసేవాళ్ళకి. ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు బిల్లు 30 నుంచి 40 శాతం తగ్గిపోతుందని చెప్పి ఒక తెల్ల డబ్బా అమ్ముతున్నారు, పవర్ సేవర్ అంటారు దాన్ని. దయచేసి కొనకండి. నేను రెండు కొన్నాను, ఒక్క యూనిట్ కూడా తగ్గలేదు. పైగా మొదటి మూడు నెలలూ అది బ్రహ్మాండంగా పనిచేస్తోందని నేనే పది మందికి చెప్పాను, నా మాట విని ఒకరు కొన్నారు కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కిందటేడు పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మా ఇంటినిండా చుట్టాలు. సిరిమానుకి ముందురోజు, అదే తొలేళ్ళ రోజు, సాయంత్రం అమ్మవారిని చూసుకుని, మూడు లాంతర్ల దగ్గర జనంలోంచి బయటపడి గంటస్తంభం వైపు నడుస్తుంటే ఒకతను బల్ల వేసుకుని కూర్చున్నాడు. బల్ల మీద చెక్కకి బిగించిన చిన్న మోటారు, పక్కన ఎర్ర అంకెలు కనిపించే మీటరు. మోటారు తిరుగుతుంటే మీటరులో 0.90 చూపిస్తోంది. డబ్బా ప్లగ్గులో పెట్టగానే 0.50కి వచ్చేసింది, తీసేస్తే మళ్ళీ పెరిగింది. "సూడండమ్మా, మీ కళ్ళముందే సగానికి పడిపోనాది, ఇంకేటి సాచ్చికం కావాలి" అన్నాడు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదే వాడతారని కూడా చెప్పాడు. ఒకటి 999, రెండు తీసుకుంటే 1,700. ఆ నెల మాకు 262 యూనిట్ల బిల్లు వచ్చి ఉంది, ఆ టెన్షన్‌లో ఉన్నాను, మా ఆయన వద్దంటున్నా రెండూ తీసుకున్నాను. బిల్లు అడిగితే "పండగ రద్దీలో బిల్లు బుక్కు తేలేదమ్మా, డబ్బా మీద నంబరుంది, ఎప్పుడైనా ఫోను చెయ్యండి" అన్నాడు. అక్కడే నేను ఆగాల్సింది.

ఒకటి హాల్లో, ఒకటి వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెట్టాను. ఆకుపచ్చ లైటు వెలిగింది. నవంబరులో 214 యూనిట్లు వచ్చాయి, డిసెంబరులో 168, జనవరిలో 151. నా ఆనందం ఇంతా అంతా కాదు. గజపతినగరంలో మా పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పాను, పింఛను మీద బతికే మనిషి, నా మాట మీద ఆ నంబరుకి ఫోన్ చేసి 999 పెట్టి ఒకటి తెప్పించుకుంది. ఫిబ్రవరి నుంచి యూనిట్లు మళ్ళీ పెరగడం మొదలైంది, ఏప్రిల్‌లో 318. ఆ నంబరుకి ఫోన్ చేస్తే "మీటరుకి అలవాటవ్వాలమ్మా, ఇంకో రెండు నెలలు ఆగండి" అన్నాడు. నెల తర్వాత చేస్తే స్విచ్చాఫ్. ఇప్పటికీ స్విచ్చాఫే.

అప్పుడు చేశాను మొదటే చెయ్యాల్సిన పని. కరెంటు బిల్లులన్నీ వంటింట్లో మేకుకి వేలాడే తీగకి గుచ్చి ఉంచడం మా అత్తగారి కాలం నుంచీ అలవాటు. ఆ కట్ట మొత్తం దించి అంతకు ముందేడు కాగితాలు తీశాను. డబ్బా లేని డిసెంబరులో 163, డబ్బా ఉన్న డిసెంబరులో 168. డబ్బా లేని జనవరిలో 149, డబ్బా ఉన్నప్పుడు 151. అంటే తగ్గించింది చలికాలం, డబ్బా కాదు! అక్టోబరులో కొంటే నవంబరు నుంచి ఫ్యాన్లూ ఏసీలూ ఆగిపోతాయి, ఎవరింట్లో అయినా బిల్లు తగ్గుతుంది, కొన్నవాళ్ళు డబ్బా మహిమ అనుకుంటారు, మళ్ళీ ఎండలొచ్చి అసలు సంగతి తెలిసేసరికి అమ్మినవాడు ఊళ్ళో ఉండడు. మీరు ఏ వస్తువు కొన్నా కిందటి నెల బిల్లుతో పోల్చకండి, కిందటేడు అదే నెల బిల్లుతో పోల్చండి.

మా మరిదికి మోటారు వైండింగ్ షాపు ఉంది. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు డబ్బాలు చూపించాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు, "రండి వదినా, మీ మీటరు చేతే చెప్పిద్దాం" అని గుమ్మం దగ్గరకి తీసుకెళ్ళాడు. మా మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంది, పక్కన 3200 అని రాసి ఉంది, అంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కూడా తీసేసి, హాల్లో పాత ఫ్యాన్ ఒక్కటే ఫుల్లుగా వేశాం. నేను మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టాను, మా పాప ఫోన్లో టైము చూసింది. ఐదు నిమిషాల్లో 20 సార్లు వెలిగింది. 75 వాట్ల ఫ్యాన్‌కి సరిగ్గా అంతే రావాలట. తర్వాత రెండు డబ్బాలూ ప్లగ్గుల్లో పెట్టి మళ్ళీ ఐదు నిమిషాలు లెక్కపెట్టాను. 20. నమ్మకం కుదరక మూడోసారి కూడా చేశాను, అప్పుడూ 20. మీ ఇంట్లో ఇప్పటికే డబ్బా ఉంటే ఈ పరీక్ష చేసుకోండి, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు, పది నిమిషాల పని. మీ మీటరు మీద 3200 బదులు వేరే అంకె ఉండొచ్చు, లెక్క మారుతుంది గానీ పరీక్ష మారదు.

తర్వాత డబ్బా విప్పాడు. విప్పే ముందు ప్లగ్గు పిన్నుల రెంటికీ కలిపి స్క్రూడ్రైవర్ ఆనించాడు, టప్‌మని నిప్పురవ్వ వచ్చింది. నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ప్రతి వారం తుడుస్తూ ఆ డబ్బాని చేత్తో లాగేదాన్ని. లోపల చార్జి నిలబడిపోతుందట, ప్లగ్గులోంచి తీశాక కూడా పిన్నులు ముట్టుకుంటే షాక్ కొడుతుందట. దయచేసి పిల్లలున్న ఇళ్ళలో జాగ్రత్త, మీరు సొంతంగా విప్పకండి. లోపల ఏముందంటే, ఫ్యాన్‌కి వేసే నల్ల కండెన్సర్ ఒకటి (కరెంటుని కాసేపు నిలవ ఉంచుకుని వెనక్కిచ్చేది), ఆకుపచ్చ లైటుకి చిన్న సర్క్యూట్ ముక్క. అంతే. "ఈ కండెన్సర్ మా షాపులో యాభై రూపాయలు వదినా" అన్నాడు. వంటింట్లో డబ్బా తీసి చూస్తే సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లాస్టిక్ మెత్తబడి కమురు వాసన. రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంచమని అమ్మినతను మరీ మరీ చెప్పాడు. ఆ పక్కనే గ్యాస్ బండ.

మరి బల్ల మీద మీటరు సగానికి ఎందుకు పడింది అని అడిగాను, ఎందుకంటే అది నా కళ్ళతో చూశాను. అమ్మినతని మీటరు అబద్ధం చెప్పలేదట, కానీ అది చూపించింది ఆంప్స్, అంటే వైర్లో ఎంత కరెంటు పారుతోందో ఆ కొలత. మన గుమ్మంలో మీటరు లెక్కపెట్టేది కిలోవాట్ అవర్లు, అవే మనం చెప్పుకునే యూనిట్లు. మోటార్లు, ఫ్యాన్లు తిరగడానికి ఖర్చుపెట్టే కరెంటు కాక లోపల అయస్కాంతం కోసం ఇంకొంత తీసుకుని వెనక్కి ఇచ్చేస్తూ ఉంటాయట, ఆ ఇచ్చిపుచ్చుకోవడం పక్కనే ఉన్న కండెన్సర్‌తో జరిగితే వైర్లో ఆంప్స్ తగ్గుతాయి. కానీ ఆ వెనక్కిచ్చే కరెంటుకి ఇంటి మీటరు మొదటి నుంచీ యూనిట్ వెయ్యదు. వెయ్యనిదాన్ని తగ్గిస్తే బిల్లు ఎలా తగ్గుతుంది? ఫ్యాక్టరీల మాట కూడా నిజమే, జూట్ మిల్లుల లాంటి పెద్ద కనెక్షన్లకి బిల్లు లెక్క వేరు, వాళ్ళకి ఆ తేడా కూడా డబ్బే, అందుకని పెద్ద పెద్ద కండెన్సర్లు పెట్టుకుంటారు. సగం నిజం చెప్పి అమ్మడం వల్లే నాలాంటివాళ్ళం పడిపోతున్నాం.

నిజంగా బిల్లు తగ్గాలంటే ఏం చెయ్యాలో కూడా మరిదే చెప్పాడు, మే నెలలో చేశాం, అది కూడా చెప్పాలి. ముందు స్లాబు సంగతి, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ రేటు ఎలా పెరుగుతుందో తెలుసుకోండి. 2022లో మారిన రేట్ల ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, అది దాటి 400 వరకు 8.75, ఆ పైన 9.75. ఇతర చార్జీలు వీటికి అదనం. అంటే మనం తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పై రేటువే, ఖరీదైనవే. 240 వచ్చే ఇంట్లో 20 యూనిట్లు తగ్గిస్తే, 15 యూనిట్లు 8.75 లెక్కన, 5 యూనిట్లు 6 లెక్కన, 161 రూపాయలు మిగులుతుంది.

ఆ 20 యూనిట్లు ఎక్కడ దొరుకుతాయంటే ఒక్క ఫ్యాన్‌లో. పాత ఫ్యాన్ 75 వాట్లు, కొత్తగా వస్తున్న, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల చుట్టూ ఉంటాయి. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్ల తేడా. మేము ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లే మార్చాం, ఒక్కోటి 2,800 పడింది, బిల్లూ వారంటీ కార్డూ తీసుకున్నాం. డబ్బాలకి పోసిన 1,700కి ఇంకో పదకొండు వందలు కలిపితే ఒక ఫ్యాన్ వచ్చేసేది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేసింది, రబ్బరు వదులైందన్నమాట, అది మార్పించాం. నీళ్ళు కాచే రాడ్డు 1,500 వాట్లది, గంట ఉంచితే యూనిట్నర. బకెట్టులో పెట్టి మరిచిపోవడం మానేశాం, వేసినప్పుడల్లా ఫోన్లో అలారం పెడుతున్నాను. ఏసీ ఉన్నవాళ్ళు 24 మీద పెట్టుకుని ఫ్యాన్ వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని స్టార్ గుర్తులిచ్చే బీఈఈ వాళ్ళే చెబుతారు. ప్రతి ఆదివారం పొద్దున్నే మీటరు రీడింగ్ క్యాలెండరు మీద రాస్తున్నాను, ఏ వారం ఎక్కువైందో వెంటనే తెలిసిపోతుంది. కిందటేడు జూన్‌లో 289 వచ్చింది, ఈ జూన్‌లో 231. ఇవి నిజంగా తగ్గిన యూనిట్లు.

డబ్బు వెనక్కి రాబట్టుకోవడం గురించి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వెయ్యాలి. కానీ అమ్మినవాడి పేరు, అడ్రసు, బిల్లు ఏదో ఒకటి ఉండాలి కదా, నా దగ్గర స్విచ్చాఫ్ అయిన నంబరు తప్ప ఏమీ లేదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రసు, ఎమ్మార్పీ ఉండి తీరాలి, ఈ డబ్బా అట్ట మీద అవేమీ లేవు, జర్మన్ టెక్నాలజీ అని మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది. ఇలాంటిది కనిపిస్తే తూనికలు కొలతల శాఖకి చెప్పొచ్చు.

మా పిన్నికి 999 నేనే ఇచ్చేశాను, వద్దంటున్నా చేతిలో పెట్టి వచ్చాను. ఆవిడ డబ్బా మంచం పక్క సాకెట్‌లో ఉండేది, అది కూడా తీయించేశాను.

మళ్ళీ దసరా వస్తోంది, సిరిమానుకి జనం వస్తారు, బల్లలు పెడతారు. కిందటేడు పండగలో మూడు లాంతర్లు, గంటస్తంభం మధ్య ఈ డబ్బా కొన్నవాళ్ళు, లేదా అలాంటిదే శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు కొన్నవాళ్ళు ఎవరి దగ్గరైనా చేతిరాత బిల్లు గానీ, ఫోన్లో డబ్బు పంపిన రుజువు గానీ ఉంటే నాకు చెప్పండి. నేను నోట్లు ఇచ్చేశాను. మీ దగ్గర ఆ ఒక్క కాగితం ఉంటే అందరం కలిసి ఫిర్యాదు వేద్దాం, నా రెండు డబ్బాలూ, విప్పినదీ విప్పనిదీ, అట్టతో సహా దాచి ఉంచాను.