తప్పెటగుళ్ల దరువుని తట్టుకునే చిన్న డబ్బా: జూమ్ హెచ్‌1 ఎసెన్షియల్

విజయనగరంలో ఈవెంట్ వీడియోలు తీసేవాళ్లం నలుగురం కలిస్తే కెమెరాల గురించి తెల్లవార్లూ మాట్లాడుకుంటాం. సౌండు మాటొస్తే మాత్రం "ఎడిటింగ్‌లో పాటేసేద్దాం లే" అని తేల్చేస్తాం. పెళ్లికి అది చెల్లుతుంది. తాళి కట్టే షాటు మీద ఏ సినిమా పాట పడాలో పెళ్లివాళ్లే చెబుతారు. ఊరి పండక్కి, హరికథకి, పాత విద్యార్థుల కలయికకి ఆ సర్దుబాటు నడవదు. తప్పెటగుళ్లకైతే అసలు నడవదు.

గజపతినగరం వైపు ఒక దళానికి వీడియో చేసి టీవీలో పెట్టి చూపిస్తే, గురువుగారు ఆఖరి దాకా చూసి ఒక్కటే మాట అన్నారు. "బొమ్మ బాగుంది బాబూ. మా గజ్జెలు ఇనపడ్నేదేటి?"

ఎందుకు వినపడవంటే, కెమెరాలో ఆటో లెవెల్ అనేది ఒకటుంటుంది, సౌండు ఎంత ఎత్తున రికార్డవ్వాలో అదే సర్దుకుంటుంది. రొమ్మున కట్టుకున్న తప్పెట్ల మీద దళమంతా ఒక్కసారి దరువెయ్యగానే అది బెదిరిపోయి మొత్తం సౌండుని కిందికి తొక్కేస్తుంది. దాంతోపాటు గజ్జెలూ పోతాయి. దరువు ఆగాక మెల్లగా పైకి లేపుతుంది. గురువు ఒంటిగా రాగం తీసేది సరిగ్గా అప్పుడే. ఆయన గొంతుకంటే ముందు జనరేటరు వినిపిస్తుంది. పోనీ లెవెల్ చేత్తో పెడదామా అంటే దేనికి పెట్టాలి, రాగానికా, దరువుకా?

జూమ్ కంపెనీ హెచ్‌1 ఎసెన్షియల్ కొన్నది ఈ గొడవకే. అరచేతిలో పట్టే రికార్డరు, తలమీద అడ్డంగా పెట్టుకున్న రెండు మైకులు. దీంట్లో లెవెల్ పెట్టే చక్రమే లేదు. సన్న సౌండునీ పెద్ద సౌండునీ రెండింటినీ చెడకుండా దాచే 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి దాని అవసరం రాదు. మామూలు రికార్డింగ్‌లో గీత దాటిన సౌండు నరికేసినట్టు పోతుంది, మళ్లీ రాదు. ఇందులో అలా కాదు. ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వేసినప్పుడు దరువు దగ్గర సౌండుని గీసి చూపించే అల పైన చదునుగా, పాడైపోయినట్టే కనపడవచ్చు. క్లిప్ వాల్యూమ్ తగ్గించండి, కొండల్లా శిఖరాలు మళ్లీ లేస్తాయి. రాగం ఉన్న ముక్కని విడిగా కోసి పెంచుకోండి. గజ్జెలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒకటే జాగ్రత్త, ఎడిట్ చెయ్యకముందు ఈ ఫైలుని ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. ఫోన్లో బరబరమంటే "రికార్డింగ్ పోయిందా సారూ" అని ఫోన్లు మొదలవుతాయి.

అలాగని దీన్ని డీజే బాక్సు ముందు పెట్టేసి నిశ్చింతగా ఉండొద్దు. ఫైలు ఎంత సౌండైనా మోస్తుంది గానీ మైకుకి హద్దుంది, 120 డెసిబెల్స్. అది దాటితే పాడయ్యేది మైకు దగ్గరే, దాన్ని ఏ ఎడిటింగూ బాగుచెయ్యదు. నేనైతే స్టాండుకి బిగించి తలెత్తుకంటే కొంచెం పైన, దళం తిరిగే గుండ్రానికి బయట పెడతాను. చేత్తో పట్టుకోవద్దు. ప్లాస్టిక్ ఒళ్లు, వేలు కదిలినా రికార్డవుతుంది.

దసరా వెళ్లిన మంగళవారం జరిగే సిరిమాను ఉత్సవానికి ఇది ఇంకా పనికొస్తుంది. పూజారిని కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా. ఆ జనంలో కెమెరాతో కదలడమే కష్టం, లెవెల్ ఎవరు చూస్తారు? మేడ మీద పిట్టగోడకి కట్టేసి వదిలేస్తే దూరాన్నుంచి డప్పులు, మాను దగ్గరకొచ్చేసరికి ఎగిసే జనం కేక, తర్వాత ఆ సద్దు కోటవైపు జారిపోవడం, అన్నీ పడతాయి. సెల్లు రిమోట్‌లో వేసే సన్నవి రెండు, కంపెనీ లెక్క 10 గంటలు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకి దాదాపు 1.4 జీబీ తింటుంది.

పని పెరుగుతుంది, అది ముందే చెప్పాలి. సౌండు ఒకచోట, బొమ్మ ఒకచోట. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే అలల ఆకారం చూసి రెండింటినీ కలిపే ఆప్షన్ ఉంది. కానీ అది కలపాలంటే కెమెరాలోనూ సౌండు ఉండాలి, "రికార్డరుందిగా" అని కెమెరా మైకు ఆపెయ్యకండి. కార్యక్రమం గంటలు సాగితే కెమెరా లోపలి గడియారానికీ రికార్డరు గడియారానికీ తేడా వచ్చి పెదాలొకటి, మాటొకటి అవుతాయి. నేను ఒక్కో అంశాన్ని కోసి విడివిడిగా కలుపుకుంటాను. రాత్రి పూట విసుగొచ్చే పని.

సన్మాన సభలు, ఉపన్యాసాలే ఎక్కువగా తీసేవాళ్లకి ఇది వద్దంటాను. అక్కడ కాలరు మైకు దీనికంటే నయం. మిక్సర్ల నుంచి పెద్ద ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు నేరుగా గుచ్చుకునేవాళ్లకి కూడా సరిపోదు, ఆ సాకెట్లు లేవు. మాలాగా పండగలు, జాతరలు, బృందాల ఆటలు తీసేవాళ్లు మాత్రం కొనొచ్చు. చిన్న ఫంక్షనుకి తీసుకునే అడ్వాన్సులో వచ్చేస్తుంది. దాంతోపాటు మైకు మీద వేసే బొచ్చు తొడుగు కూడా లెక్కలో వేసుకోండి. మేడ మీద గాలికి అది లేకపోతే సిరిమాను రికార్డింగంతా బుసబుసలే.